మూరెడు తగ్గిన ఇల్లు

తాతబ్బాయి గురువుగారిని ప్రశ్న అడిగితే జవాబు దొరకదు, పని దొరుకుతుంది. ఏటిగట్టు పొడుగునా ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. దేవుడున్నాడా అండీ అని అడిగిన పాపానికి ఒక బడిపంతులు చేత మూడు వారాలు పశువుల పాక ఊడిపించారు. పంతులు మళ్లీ ఆ ప్రశ్న అడగలేదు. దేవుడు కనిపించాడో, నడుం పట్టేసిందో మనకు తెలియదు.

గురువుగారు అంటే కాషాయం, గడ్డం ఊహించుకోకండి. ముప్పై ఏళ్లు రేవులో పడవ నడిపిన మనిషి. వంతెన పడ్డాక తెడ్డు పక్కన పెట్టి గట్టు కింద పాక వేసుకున్నారు. వచ్చేపోయేవాళ్లు కూచుని కష్టం సుఖం చెప్పుకోవడం మొదలుపెట్టారు, అలా గురువైపోయారు. అందుకే జనం భయం లేకుండా ప్రశ్నలు అడిగేవారు, పని నెత్తిన పడ్డాక లబోదిబోమనేవారు.

లక్కోజు భద్రాచారికి ఇదంతా తెలుసు. ఎనిమిదేళ్లుగా ఆయన శిష్యుడు. అయినా ఆ ఏడు జ్యేష్ఠమాసంలో ఒక పొద్దున అడక్కుండా ఉండలేకపోయాడు. భద్రాచారికి యాభై ఎనిమిదేళ్లు. వడ్రంగంలో ఆ చుట్టుపక్కల ఆయన చేతికి ఎదురులేదు, ఆ సంగతి ఆయనకు కాస్త ఎక్కువగానే తెలుసు. సంత వీధిలో తండ్రి పెట్టిన దుకాణం ఉంది. రోడ్డు వెడల్పు చేస్తున్నాం, శ్రావణం ఆఖరుకల్లా ఖాళీ చెయ్యకపోతే యంత్రంతో కూల్చేస్తాం అని దాని చెక్క గోడకు కాగితం అంటించి పోయారు. భద్రాచారి ఆ కాగితం చింపి పొయ్యిలో పెట్టాడు. దానికిచ్చే పరిహారం కాగితం మీద సంతకమూ పెట్టనన్నాడు.

"కాలం మారుతుందంటారు గురువుగారూ. మారనివ్వండి, నేనొద్దన్నానా? కానీ అది నా మీదికే వచ్చిందనుకోండి, అప్పుడు నేనేం చెయ్యాలి? తల వంచి తప్పుకోవాలా, ఎదురొడ్డి నిలబడాలా? నాకైతే నిలబడాలనే ఉంది. దుకాణం మధ్యలో పీట వేసుకుని కూచుంటాను. కూలిస్తే నన్నూ కలిపే కూల్చమనండి!" అన్నాడు.

గురువుగారు అప్పుడు చింతపండు గింజలు తీస్తున్నారు. తల ఎత్తలేదు.

"చినగడ్డిలంకలో పల్లాలమ్మ అని ఉంది. ఒంటరి మనిషి. వరద వచ్చేలోగా చేతిసాయం కావాలంది. వెళ్లి ఆవిడ చెప్పిన పని చెయ్యి. చెప్పని పని చెయ్యకు" అన్నారు.

చివరి మాట భద్రాచారి చెవిన పడింది గాని తలకెక్కలేదు. మంచి పనివాళ్లందరికీ ఉండే జబ్బే అది. పనిముట్లూ మేకులూ ఇనప పట్టీలూ ఉన్న సంచీ భుజాన వేసుకుని పడవెక్కాడు.

చినగడ్డిలంక గోదావరి నడిబొడ్డున ఇసుక మేట. ఇరవై నాలుగు గడపలు. మిరప, పొగాకు, కూరపాదులు బంగారంలా పండుతాయి. పల్లాలమ్మ ఇల్లు చివరన ఉంది. డెబ్భై ఏళ్ల మనిషి, సన్నగా, నిటారుగా ఉంటుంది. నోరు మాత్రం ఊరంత. ఆమె ఆయన్ని చూసి "ఆచారిగారా! గురువుగారు పంపారా? ఏం తప్పు చేశావయ్యా పాపం?" అని నవ్వింది.

భద్రాచారికి ఆమె నచ్చిందిగాని ఇల్లు నచ్చలేదు. ఒక్క మేకు లేదు, ఒక్క మర లేదు. నడుమ ఇంటి బరువంతా మోసే తాటి నిట్రాడు, దాని మీద దూలం, వాసాలు, గోడలకు వెదురు తడికలు. అన్నీ కొబ్బరిపీచు తాళ్లతో కట్టి ఉన్నాయి. గాలి వీస్తే ఇల్లంతా కిర్రుమంటుంది. ఆయన నిట్రాడు మీద చెయ్యి వేస్తే అది కదిలింది.

"ఇదేంటక్కా, ఇలా ఊగుతోంది?"

"ఊగితే ఊగనీ. నిన్నేమన్నా ఊపమందా?"

ఆమె చెప్పిన పనులు వేరు. తాళ్లు పేనమంది. నాటుపడవ అడుగున తారు పూయమంది. మిరపకాయలు గోతాలకెత్తమంది. భద్రాచారి అన్నీ చేశాడు, కానీ మనసంతా నిట్రాడు మీదే. పడుకుంటే కిర్రు, లేస్తే కిర్రు. వడ్రంగి చెవికి అది తిట్టులా వినిపించేది. ఇంతలో పల్లాలమ్మ మనవరాలి కూతురి బారసాలకని ఏరు దాటి మూడు రోజులు వెళ్లింది. వెళ్తూ వెళ్తూ "కోళ్లకి గింజలెయ్యి, ఇంకేం ముట్టుకోకు" అని మరీ చెప్పింది.

ఆమె పడవ ఒడ్డు దాటీ దాటగానే ఆయన సంచీ విప్పాడు.

ఎంత ప్రేమగా చేశాడో! నిట్రాడుకీ దూలానికీ ఇనప పట్టీలు వేసి బోల్టులు బిగించాడు. వాసం వాసానికీ ఆరంగుళాల మేకులు దించి, అవతలికి వచ్చిన కొసలన్నీ సుత్తితో వంచేశాడు. వంచిన మేకు ఇక ఊడి రాదు, పనివాడి నమ్మకం అది. తాళ్లన్నీ కోసి పొయ్యిలో పడేశాడు. మూడో రోజు సాయంత్రం నిట్రాడుని రెండు చేతులా పట్టుకుని ఊపి చూశాడు. కొండని ఊపినట్టుంది. గాలి వీసినా ఇల్లు కిక్కురుమనలేదు. ఆ ఏడాది ఆయన అంత సంతోషంగా నిద్రపోయింది ఆ పూటే.

పల్లాలమ్మ వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉండడం ఆమెకు కొత్త. లోపలికి వచ్చి పైకి చూసింది. బోల్టులు ఒక్కొక్కటీ వేలితో తడిమింది. బారసాల మిఠాయి పొట్లం చేతిలోంచి జారి కింద పడింది, తీసుకోలేదు.

"ఏటయ్యా ఇది?"

"ఇంక వందేళ్లు చూడక్కర్లేదక్కా. పిడుగు పడినా కదలదు."

"కదలకపోతే నా ఇల్లెలా అవుతుందయ్యా! నా కొంప ముంచావు కదయ్యా ఆచారీ!" అని నెత్తి కొట్టుకుంది. తర్వాత, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. లంకలో కట్లన్నీ జారుముళ్లే. కొస పట్టి లాగితే ఊడి రావాలి. ఏట్లో ఎర్రనీరు కనిపించిన పూటే ఎవరిల్లు వాళ్లు విప్పుకుని, పడవలకెత్తుకుని గట్టు మీదికి పోతారు. అక్కడే నిలబెట్టుకుని, నీరు తీశాక తెచ్చి మళ్లీ ఇక్కడ నిలబెడతారు. అదీ ఇక్కడి కాపురం.

"కాపురానికొచ్చాక నలభై ఒక్కసారి విప్పాను. మా ఆయన పోయిన ఏడు పెద్దకర్మ అయిన మూడో రోజే ఎర్రనీరొచ్చింది. అప్పుడూ నేనే విప్పాను. ఏడుస్తూ విప్పాను, కానీ విప్పాను. రేపు పొద్దున్నే ఈ ఇనుమంతా ఊడబీకు."

ఇక్కడ భద్రాచారికి పౌరుషం వచ్చింది. మంచి చేస్తే తిట్లా? పైగా లోపల ఇంకో మాట ఉంది, అది పైకి అనలేదు. వరదొస్తే విప్పుకుని పారిపోయే ఇళ్లు ఓడిపోయిన ఇళ్లని ఆయన లెక్క. ఎదురొడ్డి నిలిచిన ఇల్లొకటి ఈ లంకలో ఉంటే, ఈ ఏడు వరదకి అది నిలిచి చూపిస్తే, గురువుగారి దగ్గరికి జవాబు తనే పట్టుకెళ్లవచ్చు. అందుకని రేపు రేపంటూ రెండు రోజులు నెట్టాడు. పట్టుకారు కనిపించడంలేదన్నాడు, నడుం నొప్పన్నాడు. వరదకింకా నెల ఉందిగా అన్నాడు.

"నీకెవరు చెప్పారు నెలుందని? గోదారి కబురెట్టిందా?" అంది పల్లాలమ్మ.

మూడో రోజు తెల్లవారేసరికి ఏట్లో నీరు కావిరంగులో ఉంది. పైన ఎక్కడో వానలు దంచేశాయి. లంకంతా ఒక్కసారి కేకలు వేసింది. "ఎర్రనీరొచ్చింది! విప్పండహో!" అని ఆ చివర్నించి ఈ చివరికి అరుపు పాకింది. భద్రాచారి గుమ్మంలో నిలబడి చూశాడు. అయ్యబాబోయ్, ఏం పని అది! మొగుడొక కొస, పెళ్లామొక కొస పట్టి లాగితే ముడి జారిపోయేది, తడిక ఒరిగేది, వాసం దిగేది. ఎవరూ ఏడవడంలేదు. తిట్టుకుంటున్నారు, నవ్వుకుంటున్నారు, "మీ ఇల్లింకా నిలబడే ఉందేటి, కాళ్లనొప్పులా?" అని పక్కవాళ్లని వెక్కిరిస్తున్నారు. రెండు జాముల్లో ఇరవై మూడు ఇళ్లు మోపులైపోయాయి. ఓడిపోయినవాళ్లు అలా ఉండరని ఆయనకి తెలుసు. ఇరవై నాలుగోది మాత్రం కొండలా నిలబడి ఉంది.

అప్పుడు పట్టుకారు దొరికింది ఆయనకి! రెండు మేకులు ఊడదీశాడు, మూడోదాని తల తెగిపోయింది. కొసలు వంచింది తనే. అంత గట్టిగా వంచింది తనే. బోల్టు మర తిరగలేదు. చేతులు రక్తం కారుతున్నాయి. నీరు ముందు పాదాలకి వచ్చింది, తర్వాత పిక్కలకి. తడికలు మాత్రం పల్లాలమ్మ కోసి పడవలో వేసింది.

సింహాద్రి అని పొరుగు పడవవాడు, తన ఇంటి సామాను గట్టు మీద దించి మళ్లీ వచ్చాడు. "మామ్మా, ఇంక వదిలెయ్! ప్రాణం కంటేనా? గోదారితల్లి అడిగింది, ఇచ్చెయ్" అని అరిచాడు.

"అడిగితే ఇద్దునురా! ఇది అడగట్లేదు, లాక్కుంటానంటోంది. ఇవ్వను." పల్లాలమ్మ మోకాలి లోతు నీళ్లలో నిట్రాడు పట్టుకుని నిలబడింది. "నలభై ఒక్కసారి వచ్చింది ఇది నా గుమ్మంలోకి. ఒక్కసారి కూడా నా ఇల్లు కూల్చలేదు. ప్రతిసారీ నేనే విప్పాను. ఇవాళ మేకుల పుణ్యమా అని నాకు కూలిన ఇల్లు చూపిద్దామనుకుంటోంది. చూడను గాక చూడను."

భద్రాచారి ఆ మాట విని నీళ్లలోనే చతికిలబడ్డాడు. వెక్కి వెక్కి ఏడ్చాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, నలుగురిలో పెద్దమనిషి, ముక్కు చీదుకుంటూ ఏడ్చాడు. ఒక ముసలిదాని కొంపను తన చేత్తో, ప్రేమతో, గోదావరికి కట్టేశాడు.

"ఏడుపు గట్టు మీద ఏడుద్దువుగాని, రంపం తియ్యి" అందామె.

"రంపమా? ఎక్కడ కొయ్యను?"

"నీ ఇనుముకి కిందగా."

ఆయన కళ్లు తుడుచుకుని చూశాడు. బోల్టుల కింద నించి కోస్తే నిట్రాడు పైన మూరెడు పోతుంది. ఎనభై ఏళ్ల తాటి చేవ అది, రాయిలా ఉంది. అలాంటి కర్ర ఇక దొరకదు. పోయిన మూరెడు ఏ వడ్రంగీ అతకలేడు. "అక్కా, మంచి కర్రక్కా" అన్నాడు.

ఆమె సంచీలోంచి తనే రంపం లాగింది. "నా మూరెడు నేను కోసుకుంటాను. తప్పుకో."

డెబ్భై ఏళ్ల చేతులు రంపాన్ని నాలుగుసార్లు ఆడించాయి. ఐదోసారికి భద్రాచారి ఆ చేతుల మీద చెయ్యి వేసి రంపం తీసుకున్నాడు. నిట్రాడు కోశాడు. దూలం రెండు చివర్లూ కోశాడు. వాసాల తలలు కోశాడు. తను జీవితంలో కోసిన కోతల్లో అంత వేగంగా, అంత బాధగా కోసినవి లేవు. ఇల్లు ఒరిగింది, సింహాద్రీ పల్లాలమ్మా పట్టుకుని దించారు. మేకులూ బోల్టులూ ఉన్న చెక్కముక్కలు మాత్రం నీళ్లలో పడి కొట్టుకుపోయాయి. ఆ ఏడు గోదావరికి దక్కింది అంతే.

నడుముల్లోతు నీళ్లలోంచి పడవ బయలుదేరింది. పల్లాలమ్మ మోపు మీద కూచుని, వెనక్కి తిరిగి ఏటిని చూసింది. "నలభై రెండు" అంది, పక్కింటామెతో అన్నట్టు.

మర్నాడు గట్టు మీద ఇళ్లు లేచాయి. భద్రాచారి చేత పల్లాలమ్మ జారుముడి వేయించింది. వేశాక కొస లాగి చూసి, బిగుసుకుంటే మళ్లీ విప్పించి వేయించింది. పదకొండోసారికి కుదిరింది. నిట్రాడు నిలబెడితే ఇల్లు అందరి ఇళ్లకన్నా మూరెడు పొట్టిగా ఉంది. సింహాద్రి నవ్వు ఆపుకోలేక, "మామ్మా, ఇంక నువ్వు నీ ఇంట్లోకి వంగి దూరాలే!" అన్నాడు.

"దూరతాను. గోదారికి వంగలేదు. నా గుమ్మానికి నేను వంగితే నీకేటిరా నొప్పి?" అని ఆమె చీరకొంగు దోపుకుని, వంగి, లోపలికి వెళ్లి, పొయ్యి వెలిగించింది.

భద్రాచారి ఆ గుమ్మం బయట చాలాసేపు కూచున్నాడు. గంజి తాగమని పిలిస్తే వంగి లోపలికి వెళ్లాడు, తాగాడు, ఆమె కాళ్లకు దండం పెట్టి బయలుదేరాడు. గురువుగారి పాక దారిలోనే ఉంది. ఆగలేదు. తిన్నగా సంత వీధికి పోయాడు.

దుకాణం విప్పడానికి తొమ్మిది రోజులు పట్టింది. పెంకులు దించాడు. తండ్రి చెక్కిన దూలం భుజాన ఎత్తుకున్నప్పుడు దాన్ని పట్టుకుని ఏడ్చాడు, సిగ్గుపడలేదు. అరుగు రాయితో కట్టింది, దాన్ని తేలేకపోయాడు. ఆ బాధ ఆయనకి ఇప్పటికీ ఉంది. చెక్క గోడలు, తలుపులు, కిటికీలు, పనిబల్ల అన్నీ బండికెత్తి, చెరుకుతోటల దారిలో మరదలి దొడ్డి వెనక ఉన్న ఇరుకు జాగాలో నిలబెట్టాడు. పరిహారం కాగితం మీద సంతకం పెట్టమని అధికారి కబురు పెడితే, పెట్టాడు, కానీ తన పెన్నుతో పెట్టాడు.

శ్రావణం ఆఖర్న యంత్రం రానే వచ్చింది. వెనకే జీపులో అధికారి దిగాడు. తన జాగా పక్కన భద్రాచారి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అధికారి పటం చూశాడు, నేల మీద మిగిలిన అరుగు చూశాడు.

"ఇక్కడొక దుకాణం ఉండాలి కదయ్యా?"

"ఉండేది."

"ఏమైంది?"

"నాది కదండీ. నేను తీసుకుపోయాను."

యంత్రం నడిపే కుర్రాడు కాసేపు చూసి, దిగి, టీ తాగడానికి పోయాడు. ఆ పూట సంత వీధిలో ఆ ఒక్క జాగాలో కూలిన గోడ లేదు. వీధిలో వాళ్లు కొందరు భద్రాచారిని పిరికివాడన్నారు, కొందరు తెలివైనవాడన్నారు. వాళ్లు చూసింది వట్టి ఖాళీ జాగాని, ఆయన చూసింది తొమ్మిది రోజుల పనిని.

భాద్రపదంలో గురువుగారి దగ్గరికి వెళ్లాడు. లంకలో జరిగిందంతా చెప్పాడు. మేకుల సంగతి దాచలేదు. గురువుగారు వింటున్నారో లేదో తెలియలేదు, పాదులకు నీళ్లు పోస్తున్నారు. భద్రాచారికి కొత్త దుకాణం గుర్తుకొచ్చింది. పాతదాంట్లో సగం లేదు. చెక్కలు బయటే ఆరబెట్టాలి. అలవాటైన బేరగాళ్లు దారి తెలియక తిరిగిపోతున్నారు. వాన పడితే పనిబల్ల మీద గోతాం కప్పాలి. ఇన్నాళ్లకి ఆ బాధ ఆయన నోట్లోంచి తన్నుకొచ్చింది.

"అన్నీ చేశాను గురువుగారూ. ఎవరిచేతా కూల్పించుకోలేదు. అయినా ఏం మిగిలింది? దుకాణం సగమైపోయిందండీ."

గురువుగారు చెంబు కింద పెట్టి, మొదటిసారి తలెత్తి ఆయన్ని పైనుంచి కిందిదాకా చూశారు.

"మరి నువ్వు?"